పాస్‌వర్డ్ హ్యాష్‌కి ఏ ఫంక్షన్? ఆర్గాన్2, యెస్‌క్రిప్ట్, బీక్రిప్ట్, మిగతావి

పాస్‌వర్డ్‌ని నేరుగా దాచకుండా, వెనక్కి తిప్పలేని గుర్తుగా మార్చి దాచే లెక్కే పాస్‌వర్డ్ హ్యాష్ ఫంక్షన్. దాన్ని ఎంచుకోవాల్సి వచ్చినప్పుడు చాలామంది మొదట అడిగేది "అన్నిటికన్నా గట్టిది ఏది?" అని. దానికి జవాబు ఎవరైనా చెబుతారు, దాంతో పని మాత్రం ముందుకు సాగదు. సిస్టమ్ ప్రోగ్రామ్ రాసేవాళ్లు ముందు తేల్చుకోవాల్సినవి వేరే రెండున్నాయి. ఈ హ్యాష్‌ని రేపు ఎవరు సరిచూస్తారు? మీ ప్రోగ్రామ్ ఒక్కటేనా, లేక అదే హ్యాష్ వరుస లైనక్స్ లాగిన్ హ్యాష్‌లు దాచే /ఈటీసీ/షాడో ఫైల్‌లోకో, ఇంకో మెషీన్‌లోకో, ఇంకో సీ లైబ్రరీ ముందుకో వెళ్లాలా? ఇక రెండోది, ఒక్కో లాగిన్‌కి ఎంత మెమరీ ఇవ్వగలరు? ఈ రెండూ తేలితే ముప్పాతిక మువ్వీసం పని అయిపోయినట్టే.

షా-256, షా-3, బ్లేక్2 లాంటి మామూలు హ్యాష్‌లు ఈ పోటీలోనే లేవు. వాటిలో లోపం ఉండి కాదు. అవి వేగంగా నడవడానికే పుట్టాయి, ఇక్కడ మనకు ఆ వేగమే శత్రువు. ఆర్‌టీఎక్స్ 4090 లాంటి ఒక్క గ్రాఫిక్స్ కార్డు ఎండీ5 అనే పాత హ్యాష్‌ని సెకనుకు పదివేల కోట్లకు పైగా లెక్కకడుతుంది. సాల్ట్, అంటే ఒక్కో పాస్‌వర్డ్‌కి వేరుగా చేర్చే యాదృచ్ఛిక బైట్లు, కలిపితే ముందే తయారుచేసిన పట్టికలు పనికిరాకుండా పోతాయి, ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్న ఇద్దరు ఇద్దరిలాగే కనిపిస్తారు. కానీ ఒక్క ఖాతా మీద కూర్చుని ఊహలు గుప్పించేవాడిని సాల్ట్ ఆపలేదు. అతన్ని ఆపేది ఒక్కో ఊహకి అయ్యే ఖర్చు. కింద చెప్పే ఫంక్షన్ల మధ్య తేడా అంతా ఆ ఖర్చుని సీపీయూ సమయంలో కట్టించాలా, మెమరీలో కట్టించాలా అన్న దగ్గరే ఉంది.

పాతవి: దాటి పోవడానికే

1979 నాటి ఏడో ఎడిషన్ యునిక్స్‌లోని క్రిప్ట్ ఫంక్షన్ డీఈఎస్ అనే పాత ఎన్‌క్రిప్షన్ పద్ధతిని కొద్దిగా మార్చి 25 సార్లు తిప్పేది. సాల్ట్ 12 బిట్లు, అంటే 4096 రకాలు. పాస్‌వర్డ్‌లో మొదటి 8 బైట్లు, ఒక్కో బైట్‌లో కింది 7 బిట్లు మాత్రమే తీసుకునేది. తెలుగులో పాస్‌వర్డ్ పెట్టుకుంటే ఇది ఏమవుతుందో చూడండి. యూటీఎఫ్-8 ఎన్‌కోడింగ్‌లో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్‌కి (యూనికోడ్ ఒక్కో గుర్తుకిచ్చే సంఖ్య) 3 బైట్లు, వాటిలో మొదటి బైట్ ఎప్పుడూ ఒకటే, రెండోదానికి రెండే విలువలు. ఎనిమిది బైట్లలో రెండు కోడ్ పాయింట్లు పూర్తిగా, మూడోది ముక్కగా పడుతుంది. ఎంత పొడుగు తెలుగు పాస్‌వర్డ్ అయినా లెక్కకొచ్చేది 15 బిట్లు, అంటే 32,768 అవకాశాలు. చేత్తో ప్రయత్నించినా ఎప్పటికో అప్పటికి దొరికిపోతుంది!

ఎండీ5-క్రిప్ట్, అంటే $1$తో మొదలయ్యేది, 1000 రౌండ్లు తిప్పుతుంది. దాన్ని రాసిన పౌల్-హెన్నింగ్ క్యాంపే 2012లో ఇది ఇక క్షేమం కాదు, మార్చుకోండి అని ప్రకటించాడు. ఈ రెండూ మీ డేటాబేస్‌లో కనిపిస్తే వాటి సంగతి చివర్లో చూద్దాం.

బీక్రిప్ట్: ముసలిదే, కానీ గట్టిది

నీల్స్ ప్రోవోస్, డేవిడ్ మజియెర్ ఓపెన్‌బీఎస్‌డీ కోసం చేసిన దీన్ని 1999లో పత్రంగా వివరించారు. ఖర్చుని అంకెగా బయటికి తెచ్చి, హార్డ్‌వేర్ పెరిగేకొద్దీ పెంచుకోండి అని చెప్పడమే అందులోని గొప్ప ఆలోచన. ఆ అంకె ఒకటి పెరిగితే పని రెట్టింపు. మొదట్లో మామూలు యూజర్‌కి 6, రూట్‌కి 8 పెట్టుకున్నారు. ఇవాళ 10 కన్నా తక్కువ పెట్టకూడదు, 12 అయితే బాగుంటుంది. పీహెచ్‌పీ కూడా 8.4 వెర్షన్‌లో డిఫాల్ట్‌ని 10 నుంచి 12కి పెంచింది.

బీక్రిప్ట్ నడిచేంతసేపూ దాదాపు 4 కిలోబైట్ల పట్టికలను చదువుతూ, తిరగరాస్తూ ఉంటుంది. చూడ్డానికి చిన్నదే. కానీ గ్రాఫిక్స్ కార్డులో వేల పనులు ఒకేసారి నడవాలంటే ఒక్కోదానికి అంత వేగవంతమైన మెమరీ దొరకదు. పాతికేళ్లు దాటినా బీక్రిప్ట్ ఇంకా నిలబడటానికి కారణం ఇదే. నా అభిప్రాయంలో, సరైన ఖర్చుతో ఇప్పటికే బీక్రిప్ట్ వాడుతున్నవాళ్లు ఫ్యాషన్ కోసం మారనక్కర్లేదు.

చిక్కంతా అంచుల్లో ఉంది. బీక్రిప్ట్‌కి ఆధారమైన బ్లోఫిష్ ఎన్‌క్రిప్షన్‌లో 18 ఉపకీలు, ఒక్కోటి 4 బైట్లు, కాబట్టి పాస్‌వర్డ్‌లో మొదటి 72 బైట్లే లెక్కలోకి వస్తాయి. మిగతాది చాలా లైబ్రరీలు చప్పుడు చేయకుండా వదిలేస్తాయి. ఇంగ్లీషు అక్షరాల్లో 72 అంటే చాలానే. తెలుగులో అది 24 కోడ్ పాయింట్లు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరమే ఆరు కోడ్ పాయింట్లు, 18 బైట్లు. ఇలాంటివి నాలుగు రాస్తే కోటా అయిపోతుంది, ఆ తర్వాత ఏం టైప్ చేసినా తలుపు తెరుచుకుంటుంది.

తోక తెగిపోవడం వల్ల నిజంగానే గండాలు వచ్చాయి. 2024లో ఒక పెద్ద గుర్తింపు సేవలో యూజర్ ఐడీ, యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ మూడింటినీ కలిపి బీక్రిప్ట్‌కి ఇచ్చి క్యాష్ కీ (పాత లాగిన్ ఫలితాన్ని మళ్లీ వెతకడానికి వాడే గుర్తు) తయారుచేసేవారు. యూజర్‌నేమ్ 52 అక్షరాలో, ఇంకా ఎక్కువో అయితే పాస్‌వర్డ్ వంతు వచ్చేసరికి చోటే మిగలదు. కొన్ని పరిస్థితుల్లో ఏ పాస్‌వర్డ్ ఇచ్చినా లాగిన్ అయ్యే అవకాశం ఏర్పడింది. బీక్రిప్ట్‌ని పాస్‌వర్డ్‌కి తప్ప ఇంకే పనికీ వాడకండి అనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

"అయితే ముందు షా-256 చేసి ఆ ఫలితాన్ని బీక్రిప్ట్‌కి ఇస్తే?" చేయొచ్చు, రెండు జాగ్రత్తలతో. షా-256 ఇచ్చే ముడి బైట్లలో సున్నా బైట్ ఉండొచ్చు. బీక్రిప్ట్ అమలులు చాలావరకు సీ స్ట్రింగ్‌ని నమ్ముకున్నవి కాబట్టి సున్నా దగ్గర ఆగిపోతాయి. 256 పాస్‌వర్డ్‌లలో ఒకదానికి మొదటి బైటే సున్నా. వాటన్నిటి హ్యాష్ ఖాళీ పాస్‌వర్డ్ హ్యాష్‌తో సమానం. అందుకే బేస్64గా మార్చి ఇవ్వాలి, అది 44 అక్షరాలే. రెండోది, వేరే చోటి నుంచి లీకైన ఉత్త షా-256 జాబితా దాడి చేసేవాడి దగ్గర ఉంటే, వాటిని మీ బీక్రిప్ట్ మీద నేరుగా ప్రయత్నించి లోపలి పొరని తేలిగ్గా విప్పగలడు. ఉత్త షా బదులు రహస్య కీతో హెచ్‌మ్యాక్ (కీ కలిపి తీసే హ్యాష్) వాడితే ఆ దారి మూసుకుంటుంది. ఇంత తతంగం వద్దనుకుంటే 72 బైట్లు దాటిన పాస్‌వర్డ్‌ని ఎర్రర్ చూపి తిప్పి పంపండి. గో భాష లైబ్రరీ ఇప్పుడు ఆ పనే చేస్తుంది.

హ్యాష్ వరుస మొదట్లో పద్ధతిని చెప్పే ముందు గుర్తుల గందరగోళం కూడా ఒకటుంది. 2011లో క్రిప్ట్_బ్లోఫిష్ అమలులో 8వ బిట్ ఉన్న అక్షరాలను తప్పుగా సాగదీసే బగ్ దొరికింది. తప్పువాటికి $2ఎక్స్$, సరిచేసినవాటికి $2వై$ వచ్చాయి. 2014లో ఓపెన్‌బీఎస్‌డీ పొడవుని ఒక్క బైట్‌లో దాచిన తన బగ్‌ని సరిచేసి $2బి$ తెచ్చింది. $2వై$, $2బి$ ఒకే లెక్క, కానీ కొన్ని లైబ్రరీలు ఒకదాన్ని గుర్తుపట్టి ఇంకోదాన్ని తోసిపుచ్చుతాయి. ఇంగ్లీషు పాస్‌వర్డ్‌లకు 8వ బిట్ బగ్ తగలనే లేదు. తెలుగు పాస్‌వర్డ్‌లో మాత్రం ప్రతి బైట్‌కీ ఆ బిట్ ఉంటుంది.

షా-512-క్రిప్ట్, పీబీకేడీఎఫ్2: ఒప్పందం కోసం వాడేవి

$6$తో మొదలయ్యే షా-512-క్రిప్ట్‌ని ఉల్రిచ్ డ్రెప్పర్ 2007లో ప్రతిపాదించాడు. డిఫాల్ట్ 5000 రౌండ్లు, మెమరీ ఖర్చు దాదాపు లేదు, కాబట్టి గ్రాఫిక్స్ కార్డులకు ఇష్టమైన తిండి. దీని బలం వేరే ఉంది: లైనక్స్ సీ లైబ్రరీలు గ్లిబ్‌సీ (2.39 నుంచి దాని బదులు లిబ్‌ఎక్స్‌క్రిప్ట్ అనే విడి లైబ్రరీ), మసల్, అలాగే ఫ్రీబీఎస్‌డీ అన్నీ దీన్ని చదవగలవు. ఒకే షాడో వరుస పాత సర్వర్‌లో, చిన్న కంటైనర్‌లో, పరికరంలోని ఫర్మ్‌వేర్‌లో చెల్లాలంటే చివరికి దీని దగ్గరికే వస్తారు. వస్తే రౌండ్లను లక్షల్లోకి పెంచండి, పాస్‌వర్డ్ పొడవుకి హద్దు పెట్టండి. లోపలి లెక్కలో పాస్‌వర్డ్‌ని దాని పొడవన్నిసార్లు కలిపే మెట్టు ఒకటుంది. పొడవు పదింతలైతే ఆ మెట్టు వందింతలు. ఎవరో మెగాబైట్ పొడవు పాస్‌వర్డ్ పంపితే మీ సీపీయూ దానితోనే కూర్చుంటుంది.

హెచ్‌మ్యాక్‌ని పదేపదే తిప్పే పీబీకేడీఎఫ్2 సంగతి ఇంకా సూటి. ఎఫ్ఐపీఎస్ (అమెరికా ప్రభుత్వ భద్రతా ప్రమాణం) నిబంధన మీ మీద ఉంటే ఇది తప్ప దారి లేదు. లేకపోతే ఇది ఎంచుకోవడానికి కారణం లేదు. హెచ్‌మ్యాక్-షా-256తో వెబ్ భద్రతా సంస్థ ఓడబ్ల్యూఏఎస్‌పీ ఇప్పుడు సూచించేది 6,00,000 ఇటరేషన్లు. ఇందులో రెండు ఉచ్చులు, రెండూ రక్షించేవాడినే ఎక్కువ కట్టమంటాయి. హెచ్‌మ్యాక్ కీని ప్రతి ఇటరేషన్‌లోనూ మళ్లీ సిద్ధం చేసే కోడ్ రాస్తే మీ ఖర్చు దాదాపు రెట్టింపు, దాడి చేసేవాడు మాత్రం ఒక్కసారే సిద్ధం చేసుకుంటాడు. అలాగే షా-1 ఇచ్చేది 20 బైట్లయితే మీరు 32 అడిగారనుకోండి, ఫంక్షన్ మొత్తం లెక్క రెండుసార్లు నడుస్తుంది. అతనికి మొదటి 20 బైట్లు సరిపోల్చుకుంటే చాలు, సగం పనితో సరి. హ్యాష్ ఎంత ఇస్తే అంతే అడగండి.

మెమరీ తినేవి: ఎస్‌క్రిప్ట్, యెస్‌క్రిప్ట్, ఆర్గాన్2

కాలిన్ పర్సివల్ 2009లో ఎస్‌క్రిప్ట్ తెచ్చినప్పుడు వాదన సూటిగా పెట్టాడు: లెక్కని చిప్‌లో ఎన్నిసార్లయినా ముద్రించొచ్చు, మెమరీని అంత చవగ్గా ముద్రించలేం. 128, ఎన్, ఆర్ ఈ మూడింటి గుణకారమే దానికి కావాల్సిన బైట్లు; ఎన్ 2^17, ఆర్ 8 పెడితే 128 మెబీబైట్లు. ఇప్పటికే వాడుతుంటే ఉంచుకోండి. కొత్తగా మొదలుపెడుతుంటే దాని వారసులు ఇద్దరున్నారు, వాళ్లలో ఒకరిని ఎంచుకోవాలి.

యెస్‌క్రిప్ట్ ఓపెన్‌వాల్‌కి చెందిన సోలార్ డిజైనర్ పని, ఎస్‌క్రిప్ట్ మీద కట్టినది. పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీలో ప్రత్యేక గుర్తింపు పొందింది. డెబియన్ 11, ఫెడోరా 35, ఉబుంటు 22.04 నుంచి సిస్టమ్ పాస్‌వర్డ్‌లకు ఇదే డిఫాల్ట్. లిబ్‌ఎక్స్‌క్రిప్ట్ మామూలు అమరికలో ఒక్కో హ్యాష్‌కి 16 మెబీబైట్లు తీసుకుంటుంది. లైనక్స్‌లో లాగిన్ పాస్‌వర్డ్‌ల విషయానికొస్తే నా సలహా ఒక్కటే: డిస్ట్రిబ్యూషన్ ఇచ్చినదాన్ని కదపకండి. కానీ $వై$ వరుసని మసల్ చదవలేదు, పాత డెబియన్ చదవలేదు. కొత్త మెషీన్ నుంచి షాడో ఫైల్ పాతదానికి కాపీ చేసి, రూట్‌గా లోపలికి పోలేక కూర్చోవడం సులభంగా జరిగే పనే.

ఆర్గాన్2 అదే పోటీలో 2015 విజేత. లక్సెంబర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన బిర్యుకోవ్, దిను, ఖోవ్రాటోవిచ్ రూపొందించారు. 2021లో ఇంటర్నెట్ సాంకేతిక పత్రాల్లో ఆర్‌ఎఫ్‌సీ 9106గా వచ్చింది. మూడు రకాల్లో "డి" పాస్‌వర్డ్‌ని బట్టి మెమరీ చిరునామాలు మారుస్తుంది, గ్రాఫిక్స్ కార్డులకు కష్టం. కానీ పక్కనుంచి ప్రాసెసర్ క్యాష్‌ని గమనించేవాడికి ఆనవాళ్లు దొరకొచ్చు. "ఐ" దీనికి తలకిందులు. "ఐడీ" మొదటి దఫాలో సగం దాకా "ఐ"లా, అక్కణ్ణుంచి "డి"లా నడుస్తుంది. ఏది కావాలో తెలియకపోతే "ఐడీ" తీసుకోండని ఆర్‌ఎఫ్‌సీయే చెబుతుంది. తెలిసినవాళ్లు కూడా అదే తీసుకుంటున్నారు.

అమరికల దగ్గరే అందరూ తడబడతారు. ఆర్‌ఎఫ్‌సీ మొదటి సూచన 2 జిబీబైట్లు, ఒక దఫా. మెమరీ తక్కువైతే 64 మెబీబైట్లు, మూడు దఫాలు. ఓడబ్ల్యూఏఎస్‌పీ కనీసం 19 మెబీబైట్లు, రెండు దఫాలు అంటుంది. ఈ అంకెల్లో ఏదో ఒకటి తప్పు అని కాదు. మొదటిది డిస్క్ తాళం తీసే ప్రోగ్రామ్‌కి సరిపోతుంది, ఎందుకంటే అది రోజుకొకసారి ఒక్కరి కోసం నడుస్తుంది. వెబ్ సర్వర్‌కి పెడితే కథ మారుతుంది.

64 మెబీబైట్లు పెట్టారు, కంటైనర్ హద్దు 512. ఎనిమిది లాగిన్లు ఒకేసారి వస్తే హ్యాష్‌లకే మొత్తం మెమరీ పోతుంది, మీ ప్రోగ్రామ్‌కి ఒక్క బైట్ మిగలదు. లైనక్స్ మెమరీ అడిగినప్పుడు సరేనంటుంది, ముట్టుకున్నప్పుడు చంపుతుంది. మెమరీ అడిగే మాలాక్ ఫంక్షన్ తిప్పి ఇచ్చిన పాయింటర్ సరిగానే ఉంటుంది, ప్రాసెస్ మాత్రం లెక్క మధ్యలో, మెమరీ నిండితే ప్రాసెస్‌లను చంపే ఓఓఎం కిల్లర్ చేతిలో పోతుంది. లాగిన్ పేజీకి ఎవరైనా ఉత్తుత్తి పాస్‌వర్డ్‌లు కుమ్మరిస్తే సర్వర్ పడిపోయే దారి మీరే కట్టినట్టు.

కాబట్టి వెనక్కి నుంచి లెక్కించండి. హ్యాష్‌లకు వేరే వర్కర్ పూల్ పెట్టండి, ఈవెంట్ లూప్ థ్రెడ్‌లో ఎప్పుడూ నడపకండి. హ్యాష్‌ల కోసం 256 మెబీబైట్లు కేటాయించగలిగితే, నాలుగు వర్కర్లు, ఒక్కోదానికి 64. ఒక్కో హ్యాష్‌కి పదో వంతు సెకను పడితే సెకనుకు 40 లాగిన్లు. వరుసలో నిలబడేవాళ్లకు హద్దు పెట్టండి, అది దాటితే వెంటనే "తర్వాత రండి" అని చెప్పండి. అంత మెమరీ కూడా లేదా? ఓడబ్ల్యూఏఎస్‌పీ జాబితాలో 7 మెబీబైట్లు, ఐదు దఫాల దాకా దిగే మెట్లున్నాయి. అంతకన్నా దిగాల్సి వస్తే ఆర్గాన్2 అన్న పేరు తప్ప దాని ఆధిక్యం మిగలదు, ఖర్చు 12 పెట్టిన బీక్రిప్ట్ దానికన్నా నిజాయతీ గల ఎంపిక.

సీ కోడ్‌లో కొరికే చోట్లు

ఫంక్షన్ సరిగ్గా ఎంచుకుని కోడ్‌లో పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. పాత క్రిప్ట్ ఫంక్షన్ ఫలితాన్ని అందరికీ ఒకటే అయిన స్టాటిక్ బఫర్‌లో ఇస్తుంది. రెండు థ్రెడ్లు ఒకేసారి పిలిస్తే ఒకరి హ్యాష్ ఇంకొకరి చేతికి వస్తుంది; పాస్‌వర్డ్ తనిఖీలో ఇది ఎంత ఘోరమో చెప్పక్కర్లేదు. క్రిప్ట్_ఆర్ వాడండి, కానీ దానికిచ్చే నిర్మాణం లిబ్‌ఎక్స్‌క్రిప్ట్‌లో 32 కిలోబైట్లు, పాత గ్లిబ్‌సీలో 128 కిలోబైట్లు దాటుతుంది. చిన్న థ్రెడ్ స్టాక్ మీద పెడితే చిరిగిపోతుంది, హీప్‌లో పెట్టండి.

తప్పు జరిగిందని చెప్పే తీరు లైబ్రరీని బట్టి మారుతుంది. గ్లిబ్‌సీ 2.17 నుంచి చెడ్డ సాల్ట్‌కి నల్ ఇవ్వసాగింది. దాన్ని చూడకుండా స్ట్రింగ్ పోల్చిన ప్రోగ్రామ్‌లు కూలాయి. లిబ్‌ఎక్స్‌క్రిప్ట్ "*0" లేదా "*1" ఇస్తుంది, ఏ నిజమైన హ్యాష్‌తోనూ కలవని గుర్తులు. రెండిటికీ తట్టుకునేలా రాయండి. అసలు గ్లిబ్‌సీ 2.39లో లిబ్‌క్రిప్ట్‌ని తీసేసింది కాబట్టి బిల్డ్ స్క్రిప్ట్‌లో లిబ్‌ఎక్స్‌క్రిప్ట్‌ని పేరుపెట్టి అడగడం మంచిది. సాల్ట్‌ని సొంతంగా అల్లకండి. క్రిప్ట్_జెన్‌సాల్ట్‌కి నల్ ఇస్తే మంచి పద్ధతిని, యాదృచ్ఛిక బైట్లను తనే చూసుకుంటుంది.

సొంత డేటాబేస్ ఉన్న కొత్త ప్రోగ్రామ్ అయితే నేను లిబ్‌సోడియం అనే క్రిప్టో లైబ్రరీ తీసుకుంటాను. ఆర్గాన్2ఐడీ, సాల్ట్, అమరికలు అన్నీ ఒకే స్ట్రింగ్‌లో వస్తాయి, సరిచూసే ఫంక్షన్ పోలికని సమయం బయటపడకుండా చేస్తుంది. ఒక్క మెలిక: సరిచూసేటప్పుడు మెమరీ దొరక్కపోయినా, పాస్‌వర్డ్ తప్పైనా వచ్చేది అదే -1. మెమరీ కరువులో ఉన్న సర్వర్ సరైన పాస్‌వర్డ్ ఇచ్చినవాళ్లకు కూడా "తప్పు" అని చెబుతుంది, మీ లాగ్‌లో ఏ ఆనవాలూ ఉండదు. తప్పు లాగిన్ల సంఖ్య ఒక్కసారిగా పెరిగితే దాడి అనుకునే ముందు మెమరీ గ్రాఫ్ చూడండి.

లేని యూజర్‌నేమ్ వచ్చినప్పుడు వెంటనే తిప్పి పంపితే ఏ పేర్లు ఉన్నాయో గడియారం చెప్పేస్తుంది, అదే అమరికలతో ఒక ఉత్తుత్తి హ్యాష్ నడపాలి. పాస్‌వర్డ్ ఉన్న బఫర్‌ని మెమ్‌సెట్‌తో తుడిస్తే కంపైలర్ ఆ వరుసని అనవసరమని తీసేయొచ్చు, ఎక్స్‌ప్లిసిట్_బీజీరో వాడండి.

తెలుగు లాంటి లిపులకు మరొకటి కావాలి: హ్యాష్‌కి ముందు యూనికోడ్‌ని ఒకే రూపానికి తేవడం. "పై"లోని ఐత్వం ఒక్క కోడ్ పాయింట్‌గానూ రాయొచ్చు, రెండుగానూ రాయొచ్చు. తెర మీద తేడా లేదు, హ్యాష్‌లో అంతా తేడాయే. ఆర్‌ఎఫ్‌సీ 8265 పాస్‌వర్డ్‌లకు ఎన్ఎఫ్‌సీ (విడి గుర్తులను కలిపి ఒకే కోడ్ పాయింట్‌గా రాసే) రూపం చెబుతుంది, దాన్నే పాటించండి. కంటికి కనిపించని సున్నా వెడల్పు విడదీత గుర్తు కొన్ని కీబోర్డులు పెడతాయి, కొన్ని పెట్టవు. దీన్ని ఎన్ఎఫ్‌సీ తీసేయదు, మీరే ఒక నిర్ణయం తీసుకుని ఎప్పటికీ దానిమీదే ఉండాలి.

పాత హ్యాష్‌లను మార్చడం

ఎవరైనా లాగిన్ అయినప్పుడు పాస్‌వర్డ్ మీ చేతిలో ఒక్క క్షణం ఉంటుంది, మార్చడానికి అదే అదను. సరిచూశాక అమరికలు పాతవైతే కొత్త హ్యాష్ రాసి పెట్టండి. లిబ్‌సోడియంలో దీన్ని అడిగి తెలుసుకునే ఫంక్షన్ ఉంది, లిబ్‌ఎక్స్‌క్రిప్ట్‌లో క్రిప్ట్_చెక్‌సాల్ట్ పాత పద్ధతి అని చెబుతుంది. ముందు కాలమ్ వెడల్పు చూసుకోండి. బీక్రిప్ట్‌కి 60 అక్షరాలు చాలని కట్టిన కాలమ్‌లో 97 అక్షరాల ఆర్గాన్2ఐడీ వరుస పట్టదు. కొన్ని డేటాబేస్‌లు ఫిర్యాదు చేయకుండా కత్తిరిస్తాయి, ఆ యూజర్ మళ్లీ ఎప్పటికీ లోపలికి రాలేడు. 255 పెట్టండి.

ఏళ్లుగా రానివాళ్ల ఎండీ5 హ్యాష్‌లు అలాగే పడి ఉంటాయి, లీకైతే మొదట విరిగేవి అవే. వాళ్లు వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఉన్న ఎండీ5-క్రిప్ట్ ఫలితాన్నే పాస్‌వర్డ్ అనుకుని దానిమీద ఆర్గాన్2ఐడీ నడిపి, పాత సాల్ట్‌ని పక్కన దాచి, ఇది రెండు పొరలది అని తెలిసేలా సొంత ముందు గుర్తు పెట్టండి. అసలు ఎండీ5 వరుసని డేటాబేస్ నుంచి, బ్యాకప్‌ల నుంచి కూడా తీసేయాలి. ఆ మనిషి ఎప్పుడైనా వస్తే రెండు పొరలూ దాటించి, ఒక్క పొర హ్యాష్ కొత్తగా రాసుకోవచ్చు.